పంటి మీద తీర్మానం

ప్రసవం అయ్యేదాకా కోడలి పన్నును ఏ డాక్టరూ ముట్టుకోరాదని ఆదివారం ఉదయం ఆ ఇంటి ముందుగదిలో ఏకగ్రీవంగా తీర్మానించారు. పన్ను గల మనిషి ఆ సమయంలో వంటింట్లో దవడ పట్టుకుని నిలబడి ఉన్నందువల్ల ఆమె అభిప్రాయం తీసుకోవడం కుదరలేదు.

సభకు మామగారే అధ్యక్షులు. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు కాబట్టి ఆయన ఏ మాటైనా తూచే మాట్లాడతారు.

"పన్ను ఎక్కడుంది? నోట్లో. నోట్లో వేసింది ఎక్కడికి పోతుంది? కడుపులోకి. కడుపులో ఎవరున్నారు? ఇంక నేను చెప్పక్కర్లేదు."

ఈ శరీరశాస్త్రానికి గదిలో అందరూ తలలూపారు.

"ఓర్చుకో తల్లీ, ఇంకెంత, నాలుగు నెలలేగా!" అంది అత్తగారు వంటింటి వైపు తిరిగి. "ఇద్దర్ని కన్నాను. ఒక్కనాడైనా పంటి డాక్టరు గడప తొక్కానా?"

తొక్కలేదు, నిజమే. ఆ మాట ఆమె కట్టుడు పళ్లతో ఎంతో స్పష్టంగా చెప్పింది.

భర్త భార్యంటే ప్రాణం పెట్టే మనిషి. చేతులు కట్టుకు కూర్చోలేక మందుల షాపుకు వెళ్లి, కౌంటరు వెనక కుర్రాడు తన ఇష్టప్రకారం ఎంచి ఇచ్చిన నొప్పి మాత్రలు తెచ్చాడు. ఏళ్ల తరబడి చదివిన డాక్టరు చేతి సూది ప్రమాదమని, కుర్రాడి చేతి మాత్ర క్షేమమని ఇంటిల్లిపాదీ నమ్మారు. కోడలు మాత్రం వాటిని దిండు కింద పెట్టేసింది.

ఆమె ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో ఫోన్ ఎత్తి ఫిర్యాదులు వినడం. "మీ బాధ మాకు అర్థమైందండీ" అని రోజంతా ఊరందరికీ చెబుతుంది. ఆ మాట ఆమెతో అన్నవాళ్లు ఎవరూ లేరు. వారం తిరిగేసరికి దవడ వాచింది. పాలు తప్ప ఏదీ గొంతు దిగడం లేదు. తను తినకపోతే లోపలి బిడ్డ ఏం తింటుందన్న దిగులు నొప్పికన్నా ఎక్కువైంది.

"ఏమ్మా, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నావా? మా కుళాయి సంగతి తేల్చు ముందు!" అన్నాడు ఫోన్లో ఒకాయన.

కుళాయి సంగతి తేల్చి, ఆమె తన కాన్పు డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"ఇన్నాళ్లు ఎందుకు ఆగారమ్మా? ఈ రోజే వెళ్లండి" అంది డాక్టరమ్మ.

పక్క వీధి పంటి డాక్టరు ఆమెను కుర్చీలో కాస్త ఎడమవైపుకు ఒరిగించి పడుకోబెట్టింది.

"బిడ్డకేం కాదు కదండీ?"

"ఏం కాదు. ఇలాంటప్పుడు ఇచ్చే మత్తే ఇస్తున్నాను. ఈ చీము లోపలే ఉండిపోతేనే మీకూ మంచిది కాదు, బిడ్డకూ మంచిది కాదు. అయిదో నెల కదా, కుర్చీలో కూర్చోవడానికి మీకూ సుఖం."

సూది పడ్డాక నొప్పి హోరు అణిగింది. ఆ నిశ్శబ్దంలో కడుపులో బిడ్డ మెల్లగా కదిలింది. ఆమె కళ్లు తుడుచుకుంది. నొప్పేమోనని డాక్టరు చేయి ఆపింది. కాదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది.

మత్తు వదిలాక ఇంటికెళ్లి కంచం నిండా అన్నం తిని, జరిగింది చెప్పింది. ఎవరూ తిట్టలేదు. పెద్దమనసుతో అందరూ చెడు జరగడం కోసం ఎదురుచూడసాగారు.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. పరీక్షకు బంధువులంతా హాజరయ్యారు. మామగారు మొదట తూకం చూశారు, లోపం లేదు. ఆడపడుచు వేళ్లు లెక్కపెట్టింది, సరిపోయాయి. ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. గదిలో నిరుత్సాహం అలుముకుంది.

అప్పుడు అత్తగారు పసిదాని నోట్లోకి తొంగిచూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో! పిల్లకి ఒక్క పన్నూ లేదర్రా!"

"మనం చెబితే ఎవరు వింటారు!" అన్నారు మామగారు, తృప్తిగా.

ఆ గదిలో ఉన్నవాళ్లందరూ చదువుకున్నవాళ్లే. అందరూ పళ్లు లేకుండా పుట్టినవాళ్లే. అయినా ఒక్కరూ నోరు మెదపలేదు. పెద్దలు బాధపడుతుంటే మధ్యలో నిజం చెప్పడం మర్యాద కాదని, మీకు తెలిసినట్టే, వాళ్లకూ తెలుసు.