కాలరు ముక్కలో క్రూజ్ కంట్రోల్

ఇలా దగ్గరికి జరగండి. దర్జీగారు ఇరవై రెండేళ్ల ముసలి వ్యానుకు క్రూజ్ కంట్రోల్ బిగించిన వైనం చెప్పుకుందాం.

ఆయన కుడతాడు, భార్య ఆ వ్యానులో ఊళ్లకు చేరవేస్తుంది. పదిహేనేళ్లుగా అదే వరస. ఈమధ్య ఆవిడ కుడి మోకాలు మొరాయించింది. గంటల తరబడి యాక్సిలరేటరు తొక్కిపట్టడం ఆవిడవల్ల కావడం లేదు. వ్యాను అమ్మేయమని ఆవిడ అన్నయ్య రోజూ పోరు. వ్యాను పోతే కాళ్లే పోయినట్టని ఆవిడ బెంగ. అందుకే దర్జీగారు, మీట నొక్కి కాలు తీసేసినా వేగం తగ్గనివ్వని ఆ పెట్టెను తెప్పించి, మూడు రోజులు వ్యాను కిందే పడుకుని స్వయంగా బిగించాడు. తీగలన్నిటికీ తోలు తొడుగు వేసి, రెండు వరసల కుట్టు కూడా వేశాడు.

ఆవేళ ఆసుపత్రికి కర్టెన్లు చేర్చాలి. పొద్దున్నే అన్నగారు కారేసుకుని వచ్చి వాలాడు.

"ఇవాళ ఇది పనిచేయకపోతే తాళాలు నాకిచ్చేయాలి. మాటంటే మాటేనమ్మా."

"అలాగే అన్నయ్యా" అంది ఆవిడ, మొగుడి మొహం చూస్తూ.

ముగ్గురూ ఎక్కారు. తిన్నని రోడ్డు మీద ఆవిడ మీట నొక్కి కాలు తీసింది. వ్యాను నిట్టూర్చి నీరసించింది.

"కుట్టు దివ్యంగా ఉంది బావగారూ! బండే నడవట్లేదు" అన్నాడు అన్నగారు.

దర్జీగారు ఇంటికి తెచ్చి కుట్లు విప్పాడు, తీగలు మార్చాడు, మళ్లీ కుట్టాడు.

"పనిచేసిందో లేదో చూశాక కుట్టొచ్చుగా?" అంది ఆవిడ.

"పోగులు వేలాడుతుంటే నలుగురూ ఏమనుకుంటారే?"

రెండోసారి మీట నొక్కితే వైపర్లు ఆడాయి. మూడోసారి హారన్ అందుకుని ఆగనంది. వీధివీధంతా కిటికీల్లోకి వచ్చింది. పది గంటలకల్లా సీటు తొడుగు కూడా ఊడి, వ్యాను సైజు మార్చడానికి విప్పేసిన కోటులా తయారైంది. అన్నగారు తాళాల కోసం చెయ్యి చాచాడు.

"ఆగన్నయ్యా. ఏమండీ, దాంతో వచ్చిన పుస్తకంలో ఏం రాశారు?"

"చివరి పేజీ తప్ప అంతా చదివాను."

"చివరిదేం పాపం చేసింది?"

"అట్ట మందంగా, ముచ్చటగా ఉంటేనూ... కాలరు నమూనా కత్తిరించుకున్నా."

ఆవిడ కుంటుకుంటూ లోపలికి వెళ్లి, మేకుకు వేలాడే నమూనాల గుత్తిలోంచి ఆ కాలరు లాగింది. వంపు వెంట తిప్పుకుంటూ పైకి చదివింది: "బ్రేకు లైట్లకు బల్బులు లేకపోతే ఈ పరికరం పనిచేయదు."

వ్యాను వెనక్కి వెళ్లి చూస్తే బ్రేకు లైట్ల గూళ్లు రెండూ ఖాళీ.

"పోయినవారం వ్యాను తీసుకెళ్లింది నువ్వేగా అన్నయ్యా?"

అన్నగారు గొంతు సవరించుకున్నాడు. "నా కారువి మాడిపోయాయమ్మా... ఎలాగూ అమ్మేసే బండే కదా అని..."

దర్జీగారు స్క్రూడ్రైవరుతో అన్నగారి కారులోంచి బల్బులు తెచ్చి వ్యానుకు పెట్టాడు, తీగలన్నీ మొదటిలాగే కలిపాడు. ఈసారి కుట్టలేదు.

బ్రేకు లైట్లు లేని కారును అన్నయ్య నడపడానికి చెల్లెలు ఒప్పుకోలేదు. అన్నగారు వ్యానులోనే, కర్టెన్ల మూటల మధ్య సర్దుకున్నాడు. రోడ్డెక్కాక ఆవిడ మీట నొక్కి కాలు తీసింది. వేగం చూపే ముల్లు మేకు కొట్టినట్టు నిలబడింది.

"మా ఆయన చేతిపని!" అంది ఆవిడ, ఎవరూ అడగకుండానే. దర్జీగారు తన చొక్కా కాలరు సరిచేసుకున్నాడు.

ఇది గుర్తుపెట్టుకుని మీవాళ్లకూ చెప్పండి. ఆసుపత్రి దాకా చెల్లెలి మోకాలు ఒక్కసారీ వంగలేదనీ, అన్నగారి తల ఒక్కసారీ పైకి లేవలేదనీ చెప్పడం మాత్రం మరవకండి.