వసంతకుమార్ ప్యానెల్

గురువారం పొద్దున వసంతకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ట్రక్కుకు పెట్టిన ఛార్జింగ్ వైరు తీయాలి, కర్నూలు సోలార్ షాపుకు ఒక ఫోను చేయాలి, నీళ్ల క్యాన్లు ఎక్కించుకొని పల్లెలకు బయలుదేరాలి. మధ్యలో ఒక టీ. ఇందులో ఎన్నిక గానీ ఊరేగింపు గానీ లేవు.

ఆయనది కరెంటు ట్రక్కు. కోడుమూరులో తాగునీళ్లు నింపుకొని చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటికీ క్యాన్లు వేస్తాడు. భార్య ప్రసన్నకుమారి చనిపోయిన ఏడాదే పాత డీజిల్ బండి అమ్మేసి దీన్ని కొన్నాడు. ఇది చప్పుడు చేయదు. దారిలో పిట్టల అరుపు వినిపిస్తుంది. ఎవరైనా గుమ్మంలో నిలబడి "రొంత మజ్జిగ తాగి పో" అంటే అదీ వినిపిస్తుంది. ఒంటరి మనిషికి అది తక్కువ మేలు కాదని ఆయన నమ్మకం.

ఇబ్బంది ఒక్కటే. ఆఖరి ఊరు చూసుకొని ఇల్లు చేరేసరికి బ్యాటరీలో మూడు శాతం మిగులుతుంది. ఆ ఆఖరి ఊరికి అవతల, పోను నాలుగు, రాను నాలుగు కిలోమీటర్ల దూరంలో రాళ్లకొట్టాలు అని పదిహేను ఇళ్లున్నాయి. అక్కడి గిడ్డమ్మ అనే ముసలావిడ ఖాళీ క్యాను నెత్తిన పెట్టుకొని, ఎండన పడి నడిచి వచ్చి ట్రక్కు కోసం కాచుకుంటుంది. "సోమవారం నుంచి నీ గడప కాడికే తెస్తాలేవ్వా" అని మొన్ననే ఆయన మాట ఇచ్చేశాడు. ఇచ్చాక తెలిసింది, ఆ మాట పొడవు ఎనిమిది కిలోమీటర్లని. ట్రక్కు నెత్తిన సోలార్ ప్యానెళ్లు బిగిస్తే ఆ ఎనిమిదీ దొరుకుతాయా, లేక కొనడం దండగా అన్నది ఇప్పుడు తేల్చుకోవాలి.

ట్రక్కు ఆయన సందులో పట్టదు. అందుకని రాత్రిళ్లు చర్చి ఆవరణలోని షెడ్డులో పెట్టి ఛార్జింగ్ చేసుకోవడానికి సంఘ కార్యదర్శి యేసుప్రసాద్ ఒప్పుకున్నాడు. పగలు లైనులో కోత కాబట్టి రాత్రే దిక్కు. ఆ షెడ్డు గోడకు అవతల, ఆ పొద్దున, స్త్రీల సమాజం పెద్ద విశ్వాసమ్మ మల్లెతీగకు నీళ్లు పోస్తున్న సంగతి ఆయనకు తెలియదు.

"రాజశేఖరూ, ప్యానెల్ పెట్టల్లనే అనుకుంటాండానప్పా" అన్నాడు ఫోనులో. "ఆరు తీసుకొని రా. నాలుగు కుదిరినా శాలు. పాతవి నాకు వద్దే వద్దు, అన్నీ కొత్తవే కావల్ల. ఏందీ, ఒగసారి పైన కూర్చోబెడితే ఇరవై ఐదేండ్లు కదలవా? అట్లుండల్ల! శనివారం మాపిటేల చర్చి కాడికి రా, ఆడనే తేల్చుకుందాం."

విశ్వాసమ్మ చేతిలో చెంబు గాలిలోనే ఆగిపోయింది. ఆదివారం ఆరాధన కాగానే సంఘ కమిటీ ఎన్నిక. ఆ సంఘంలో ప్యానెల్ అనే మాటకు ఒకటే అర్థం. కార్యదర్శి పదవికి ఒకరు నిలబడతారు, వెనక కొందరిని నిలబెడతారు, అంతా కలిపి ప్యానెల్. యేసుప్రసాద్ ప్యానెల్ తొమ్మిదేళ్లుగా ఉంది. ఎదురు ప్యానెల్ పెట్టినవాళ్లు ఇంతవరకూ లేరు.

"వసంతకుమారా? నోట్లో నాలిక ల్యాదు, ఆయప్పేం ప్యానెల్ పెడతాడక్కా!" అని ఆవిడ తెచ్చిన కబురు విని యేసుప్రసాద్ నవ్వాడు.

"నా చెవులారా విన్న్యానప్పా. పాతవాళ్లు వద్దే వద్దంట, అంతా కొత్తోళ్లేనంట. ఒగసారి కూర్చున్యారంటే ఇరవై ఐదేండ్లు కదలరంట. కర్నూలు నుంచి మనిషిని గూడా పిలిపిస్తాండాడు." విశ్వాసమ్మ గొంతు తగ్గించింది. "ఆరుగురు అని గూడా అన్లేదు ప్రసాదూ, 'ఆరు' అన్యాడు. మేకల్ని లెక్కబెట్టినట్ల!"

యేసుప్రసాద్ నవ్వు ఆగింది. మనుషుల్ని మేకల్లా లెక్కపెట్టేవాడి వెనక ఎంత బలగం ఉండాలి!

శుక్రవారానికి సంగతి అన్ని పల్లెలకూ పాకింది. పెళ్లిళ్లకు సౌండు బాక్సులు అద్దెకిచ్చే ఆనందం అనే కుర్రవాడు ట్రక్కుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"వందనాలన్నా. నన్ను గూడా మీ ప్యానెల్లో వేసుకోండన్నా."

"నిన్నా?" వసంతకుమార్‌కు అర్థం కాలేదు. కుర్రవాడికి ట్రక్కు పైకెక్కే సరదా పుట్టిందేమో అనుకున్నాడు. "ఆడ నాలుగే పట్టేదప్పా. ఇంగ చోటు ల్యాదు."

"నేనేమంత లావుండాననన్నా? ఒక మూల సర్దుకుంటా."

"పొద్దంతా ఎండలో ఉండల్ల."

"ఉంటా."

"వానొచ్చినా దిగేకి లేదు."

"సచ్చినా దిగనన్నా!" ఆనందం కళ్లలో నీళ్లు తిరిగాయి. "గుర్తేందో చెప్పండి, చాలు."

ఏ కంపెనీ గుర్తని అడుగుతున్నాడు కాబోలనుకున్నాడు వసంతకుమార్. "అదంతా కర్నూలాయనకు తెల్సు. నాకు తెలిసింది ట్రక్కొకటే."

"ట్రక్కు గుర్తు! శానా బాగుండాదన్నా!"

ఇది వడదెబ్బే అని తేల్చుకొని వసంతకుమార్ అతనికి ఒక చల్లని క్యాను ఉచితంగా దించిపోయాడు. అభ్యర్థి అప్పుడే పంపకాలు మొదలుపెట్టాడని గంటలోపల యేసుప్రసాద్‌కు కబురు అందింది.

ఆ సాయంత్రం షెడ్డుకు వచ్చేసరికి స్విచ్చు పెట్టెకు తాళం వేసి ఉంది. మీద "మరమ్మతులో ఉన్నది" అని కాగితం అంటించి ఉంది. 'పాపం, ఎప్పటి వైర్లో' అనుకున్నాడు వసంతకుమార్. కాగితం ఒక మూల ఊడి వేలాడుతుంటే దాన్ని సరిగ్గా అంటించి మరీ ఇంటికి పోయాడు.

శుక్రవారం తిరిగేది దగ్గరి ఊళ్లే కాబట్టి నలభై శాతం మిగిలింది. శనివారం దానితోనే బయలుదేరాడు. జనానికి నీళ్లు అందాలి కదా. అందాయి. తిరిగి వస్తుండగా కోడుమూరు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా ట్రక్కు ఎప్పటిలాగే చప్పుడు చేయకుండా ఆగిపోయింది.

కాసేపటికి ఆనందం ఏదో పెళ్లి నుంచి సౌండు బాక్సులు వేసుకొని ట్రాక్టరు మీద వచ్చాడు. తన నాయకుడు నడిరోడ్డు మీద నిలిచిపోయి ఉండటం చూసి అతని గుండె తరుక్కుపోయింది. "తాళం ఏసినారంట గదన్నా! మీరు కూర్చోండి, మేము లేమా?" అని ట్రక్కును ట్రాక్టరుకు తాడుతో కట్టాడు. ఫోన్లు చేశాడు. ఇరవై మంది వచ్చి వెనక నుంచి తొయ్యడం మొదలుపెట్టారు. సౌండు బాక్సులు ఎలాగూ ఉన్నాయి.

"మన ప్యానెల్ వసంతన్న ప్యానెల్! మన గుర్తు ట్రక్కు గుర్తు!"

ముందు ట్రాక్టరు మోత, పైన మైకు మోత. లోపల స్టీరింగు పట్టుకున్న వసంతకుమార్‌కు ఒక్క ముక్క కూడా తెలియలేదు. 'మెల్లగా, మెల్లగా' అని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. జనం తిరిగి చేతులూపారు. వెనక చిక్కుకుపోయిన బస్సును చూసి సిగ్గుపడి, క్షమించమని రెండు చేతులూ జోడించాడు. అది చూసి బజారులో ముసలివాళ్లు కూడా, ఇంత వినయం ఉన్నవాడు గెలవాల్సిందేనన్నారు.

చర్చి గేటు దగ్గర యేసుప్రసాద్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. పక్కన విశ్వాసమ్మ. అరుపులు విని బైబిలు చంకలో పెట్టుకొని పాస్టరుగారు కూడా బయటికొచ్చారు.

"వసంతన్నా!" యేసుప్రసాద్ ఒక అడుగు ముందుకేశాడు. "తొమ్మిదేండ్లుగా ఈ సంఘానికి చాకిరీ చేస్తాండా. నాతో ఒక్క మాట చెప్పకుండా, మా కరెంటు వాడుకుంటా మా మీదనే ప్యానెల్ పెడతావా?"

వసంతకుమార్ తెల్లబోయాడు. "మీ మీద ఏంటికి పెడతా ప్రసాదన్నా? ట్రక్కు మీద పెడతా."

అంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. రాజశేఖర్ తల బయటపెట్టి, "వసంతకుమార్ సార్ ప్యానెల్ ఈడనే కదా? యాడ దించల్ల సార్?" అన్నాడు.

అట్టలు చుట్టిన పలకలు ఒక్కొక్కటే దిగాయి. విశ్వాసమ్మ లోలోపల లెక్కపెట్టి, "ఆరే" అంది సన్నగా.

"మరి నేను యాడ కూర్చోవల్లన్నా?" అన్నాడు ఆనందం.

ముందు నవ్వింది పాస్టరుగారు. తరువాత గేటు దగ్గర నవ్వనివాడు యేసుప్రసాద్ ఒక్కడే. నవ్వులు తగ్గాక పాస్టరుగారు, "ఇవి పెడితే ట్రక్కు ఎంత దూరం ఎక్కువ పోతుంది?" అని అడిగారు.

ఫోనులో నలభై కిలోమీటర్లన్న రాజశేఖర్, ఇంతమంది ముందు ఇరవై అన్నాడు. పాస్టరుగారి చంకలోని బైబిలు చూసి పదికి దిగాడు. "అది గూడా పొద్దంతా ఎండలో ఉంటే సార్. దుమ్ము పడకుండా తుడుచుకుంటాండల్ల."

"మధ్యాన్నం యాడ నిలుపుతావు వసంతూ?" అంది విశ్వాసమ్మ.

"ఈ యాపచెట్టు కిందనేక్కా. మూడు గంటలు, అన్నం, కునుకు..."

"మంచి ఎండప్పుడు చెట్టు నీడన పెట్టి, మట్టిరోడ్డున దుమ్ములో తిప్పితే ఇంగ అవేం చేస్తాయప్పా? అగో, ఆ చర్చి కప్పు చూడు. యాడికీ పోదు, నీడ ల్యాదు. దాని మీద పెట్టి నీ బండిని కింద కట్టేసుకోరాదా?"

రాజశేఖర్ ఆవిడ వైపు గౌరవంగా చూసి, అది నిజమేనన్నాడు. కప్పు మీది కరెంటుకు కోత కూడా ఉండదన్నాడు. ట్రక్కు కోసమని నాలుగు వసంతకుమార్ కొన్నాడు, లోపలి ఫ్యాన్ల కోసమని రెండు సంఘం కొంది. అప్పటిదాకా బిక్కమొహం వేసుకొని నిలబడిన యేసుప్రసాద్‌కు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. "నేను గూడా అదే హామీ ఇద్దామనుకుంటాండా" అని జేబులోంచి తాళంచెవి తీశాడు.

"మరమ్మతు అయిపోయిందా అన్నా?" అన్నాడు వసంతకుమార్, నిజంగానే తెలుసుకుందామని.

"అయిపోయింది" అన్నాడు యేసుప్రసాద్, నేల చూస్తూ.

ఆదివారం ఆయన జట్టు మళ్లీ పోటీ లేకుండా ఎన్నికైంది. అందులో ఒక మూల ఆనందాన్ని కూడా సర్దారు. ఆ మధ్యాహ్నమే రాజశేఖర్ కప్పెక్కాడు.

సోమవారం మధ్యాహ్నం వసంతకుమార్ కునుకు తీసి లేచేసరికి ట్రక్కులో పన్నెండు కిలోమీటర్ల ఛార్జింగ్ అదనంగా చేరింది. సాయంత్రం రాళ్లకొట్టాల దారి పట్టాడు. ఆయన మాట మీద అంత నమ్మకం లేని గిడ్డమ్మ, క్యాను నెత్తిన పెట్టుకొని సగం దూరం నడిచి వచ్చేసింది.

"ఈడనే ఇమ్మంటావా అవ్వా?"

"ఈడేంటికి? గడప కాడికి అంటివి గదా!" అని ఆవిడ ఖాళీ క్యాను లోపల పెట్టి, తానూ ఎక్కి, ఆయన పక్కన దర్జాగా కూర్చుంది. ఆయన పక్క సీట్లో మనిషి కూర్చొని చాలా రోజులైంది. ఇంటిదాకా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ట్రక్కు చప్పుడు చేయదు కాబట్టి అంతా వినిపించింది.

ఆ సంఘంలో ఎన్నిక ముగిశాక కూడా రోజూ పనిచేసిన ప్యానెల్, అందరూ ఒప్పుకునేదేమంటే, కప్పు మీద ఉన్నదొక్కటే.