బీరువాలో లేని సంవత్సరం

రేపయ్య అసలు పేరు రేపయ్య కాదు. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు తెరిచిన నాటినుంచి మూసిన నాటిదాకా, వచ్చిన ప్రతివాడికీ "రేపు రండి, అయిపోతుంది" అని చెప్పినందుకు జనం కట్టబెట్టిన బిరుదు అది. అసలు పేరు ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా లేదు.

కొట్టు మూసినప్పుడు పనికొచ్చే సామానంతా ఎవరెవరో పట్టుకుపోయారు. పనికిరానిది ఇంటికొచ్చింది. అంటే రేపయ్యా, ఆయన కేసెట్లూ.

కేసెట్లు మధ్యగది బీరువా ఎక్కి కూర్చున్నాయి. ఏ సంవత్సరం పాటలు ఆ సంవత్సరం వరసలో. తలుపు తీస్తే ఒకటో రెండో కాలి మీద పడి పలకరించేవి. వాటిని వినిపించే యంత్రం ఇంట్లో ఒక్కటే ఉంది, అదీ పాడైంది. బాగుచెయ్యాల్సింది ఎవరో చెప్పక్కర్లేదు. రేపు చేస్తాడు.

ఇలా ఉండగా నర్సు పని చేస్తున్న కూతురికి సొంత ఊరి ఆసుపత్రికి బదిలీ అయింది. "ఆదివారం వచ్చేస్తున్నానమ్మా, మధ్యగది నాకే కదా" అని ఫోన్ చేసింది.

భార్య ఫోన్ పెట్టేసి బీరువా వంక చూసింది. ఆ చూపు రేపయ్యకి తెలుసు. పాత పడక్కుర్చీ ఇంట్లోంచి పోయే ముందు కూడా ఆవిడ దాని వంక అలాగే చూసింది.

"ఏమండీ, పిల్ల బట్టలెక్కడ పెట్టుకుంటుంది?"

"మంచం కింద."

"మీ కేసెట్లు పెట్టకూడదూ మంచం కింద?"

"తేమకి పాడైపోతాయే."

"మరి బట్టలు?"

"ఉతుక్కోవచ్చుగా."

ఆవిడ బీరువా తలుపు మెల్లగా మూసింది. ఆవిడ తిట్టినప్పటికంటే మాట్లాడనప్పుడే రేపయ్యకి ఎక్కువ చెమట పడుతుంది.

"సరే. నేనేం రాక్షసిని కాను. ఒక్క సంవత్సరం ఉంచుకోండి. పాటలు అన్నిటికన్నా బాగా వచ్చిన సంవత్సరం ఏదో తేల్చండి. పై అరలో ఓ మూల దానికిస్తాను. మిగతావన్నీ ఆదివారం సాయంత్రానికి బీరువా దిగాలి."

"అన్నేళ్ళ పాటల్లోంచి ఒక్క ఏడాది ఏరమంటే ఎలాగే? అదేమైనా..."

"రేపు చెప్తాననకండి."

సరిగ్గా అదే అనబోతున్నాడు. మింగేశాడు.

మింగినది కడుపులో పడి ఒక ఆలోచన పుట్టింది. "నేనొక్కణ్ణే తేలిస్తే అన్యాయమవుతుంది. ఓట్లు పెడదాం. నువ్వూ, నేనూ, అమ్మాయీ, మీ తమ్ముడూ, పక్కింటి టైలరూ. ఎక్కువమంది ఏ సంవత్సరమంటే అదే."

"ఎటూ తేలకపోతే?"

"తేలేదాకా అన్నీ ఉంటాయి."

"సరే" అంది భార్య.

అంత తేలిగ్గా ఒప్పుకుందేమిటా అని అప్పుడే అనుమానం రావాలి. రాలేదు. ఎన్నేళ్ళు కాపురం చేసినా కొందరు మగాళ్ళకి ఆ ఒక్క అనుమానం సమయానికి రాదు.

ఓట్లు చీల్చాలి. అదీ రేపయ్య పథకం. అయిదుగురికీ అయిదు సంవత్సరాలు ఎక్కిస్తే ఏదీ గెలవదు, బీరువా కదలదు. జీవితంలో మొదటిసారి ఆయన ఒక పనిని రేపటికి వాయిదా వెయ్యకుండా చెప్పులేసుకుని బయల్దేరాడు.

ముందు పక్కింటి టైలర్. మనిషి సన్నగా పొడుగ్గా కొలబద్దలా ఉంటాడు, మెళ్ళో కొలతల టేపు నిద్రలో కూడా తియ్యడని ప్రతీతి.

"నీకు డెబ్బై తొమ్మిదో సంవత్సరం పాటలంటే ఇష్టం కదయ్యా?"

"ఇష్టమేంటన్నయ్యా, ప్రాణం! మిషను తొక్కడం నేర్చుకుంది ఆ ఏడే. ఆ పాటల తాళానికే నా కాలు కుదిరింది. ఇప్పటి పాటలకి తొక్కితే చొక్కాకి మూడు చేతులొస్తాయి."

"మా బావమరిది అవి జోలపాటలంటున్నాడు. అవి వింటూ కుట్టబట్టే నీ గుండీలు కింద పైన అవుతున్నాయట."

టైలర్ కత్తెర కింద పెట్టాడు. "ఆదివారం ఎన్నింటికి రమ్మంటారు?"

తర్వాత బస్టాండు. బావమరిది బస్సు కండక్టరు. ఇంట్లో ఇద్దరే ఉన్నా బస్సు మొత్తానికి వినపడేలా మాట్లాడతాడు.

"మా టైలర్ ఏమంటున్నాడో తెలుసా? నీ తొంభై ఒకటి పాటలు పాటలే కావట. గేరు మార్చేటప్పుడు ఇంజను ఏడ్చే ఏడుపట."

"ఎవడూ, ఆ దర్జీయా!" ఎక్కబోతున్న ముసలాయన భయపడి దిగిపోయాడు. "మిమ్మల్ని కాదు బాబాయ్, మీరు ఎక్కండి. బావా, నాకు ఉద్యోగమొచ్చింది తొంభై ఒకటిలో! ఏ పాట విన్నా నా కోసమే పాడినట్టుండేది. ఆదివారం వస్తున్నా. ఉత్త చేతుల్తో రాను."

ఆ ఆఖరి మాట రేపయ్య పట్టించుకోలేదు.

కూతురికి ఫోన్ చేశాడు. "అమ్మా, నీ ఓటు రెండువేల నాలుగుకి వెయ్యి. నువ్వు చదువుకునే రోజుల పాటలు."

"ఆ పాప్ పాటలు వింటే తలనొప్పి అని రేడియో కట్టేసేవారుగా నాన్నా?"

"ఇంట్లో ఎవరి అభిప్రాయం వాళ్ళకుండాలమ్మా."

"ఎప్పట్నించి?"

"ఇవాళ్టి నుంచే."

తన ఓటు ఎనభై నాలుగుకి, కొట్టు తెరిచిన ఏడు. భార్య ఎలాగూ పెళ్ళయిన ఎనభై మూడు అంటుంది. ఆ రాత్రి రేపయ్య చక్కగా నిద్రపోయాడు.

ఆదివారం కూతురు రెండు సూట్‌కేసులతో దిగింది. బట్టలు పెట్టుకునే చోటు లేక ఒక సూట్‌కేసు మీద తనే కూర్చుంది. ఆ వెనకే కండక్టరు భుజం మీద టేప్ రికార్డరు, చేతిలో గోనెసంచితో వచ్చాడు. సంచి నిండా కేసెట్లు. టైలర్ రెండు అట్టపెట్టెలు, తన టేప్ రికార్డరు మోసుకొచ్చాడు.

"ఇవన్నీ ఏమిట్రా?" అన్నాడు రేపయ్య.

"సాక్ష్యం బావా. వినిపించకుండా ఎలా గెలుస్తాం?"

"సాక్ష్యం నా దగ్గరా ఉంది" అన్నాడు టైలర్.

ఇద్దరూ ఒకేసారి మీట నొక్కారు. డెబ్బై తొమ్మిదీ తొంభై ఒకటీ మధ్యగదిలో జుట్లు పట్టుకున్నాయి. ఒక పాటలో ప్రేయసి వెళ్ళిపోతోంది, ఇంకో పాటలో అప్పుడే వస్తోంది. తలుపు దగ్గర ఇద్దరూ గుద్దుకున్నట్టే ఉంది.

"అది పాటా? మూలుగు!" అరిచాడు కండక్టరు.

"మూలుగులో రాగం ఉందయ్యా. నీదాంట్లో ఉన్నది రోగం!"

ఇంతలో కండక్టరు యంత్రం తన పాటని తనే నమిలేసింది. గొంతు బొంగురుపోయి ఆగిపోయింది. మూత తీసి లాగితే గోధుమరంగు టేపు బారెడు బయటికొచ్చింది. లాగినకొద్దీ వచ్చింది.

"నీ సంవత్సరానికి వాంతులు పట్టుకున్నాయి" అన్నాడు టైలర్.

కండక్టరు ఒళ్ళు మండి ఆ కుప్పని విసిరాడు. తలమీద ఫ్యాను తిరుగుతోంది. అది ఒక కొస అందుకుని చుట్టుకోవడం మొదలుపెట్టింది. కేసెట్టు గాల్లోకి లేచి గది చుట్టూ తిరిగి, రేపయ్య చెవిని రాసుకుంటూ వెళ్ళి, తెరిచి ఉన్న బీరువాకి తగిలింది. ఎనభై నాలుగు మొత్తం రేపయ్య పాదాల మీద కూలింది.

"కదలకండి, కదలకండి!" అంటూ టైలర్ జేబులోంచి కత్తెర తీసి, కంటికి కనపడిన టేపునల్లా కత్తిరించాడు. అందులో మెళ్ళో ఉన్న తన కొలతల టేపు కూడా ఉంది.

భార్య లోపలికొచ్చింది. ఫ్యాను కట్టేసింది. అందరి చేతుల్లో టీ గ్లాసులు పెట్టింది.

"తేలేదాకా నా సంచి ఇక్కడే ఉంటుందక్కా" అన్నాడు కండక్టరు.

"నా పెట్టెలూ అంతే వదినగారూ."

"నాన్నా, బీరువా ఖాళీ అవుతుందన్నారు. గది కూడా నిండింది" అంది కూతురు.

రేపయ్య పాదం రుద్దుకుంటూ ఉండిపోయాడు. అయితేనేం, పథకం బతికే ఉంది.

"ఇక ఓట్లు వెయ్యండి" అంది భార్య.

టైలర్ డెబ్బై తొమ్మిది అన్నాడు. కండక్టరు తొంభై ఒకటి అన్నాడు. రేపయ్య ఎనభై నాలుగు అన్నాడు. కూతురు, "అమ్మ చెప్పాక చెప్తాను" అంది.

"నాది ఎనభై ఆరు."

రేపయ్య పకపకా నవ్వాడు. "ఎనభై ఆరా! బీరువా అంతా వెతికినా ఎనభై ఆరుది ఒక్క కేసెట్టు దొరకదే!"

"తెలుసు" అంది భార్య.

నవ్వు సగంలో ఆగింది.

"అది కడుపులో ఉంది అప్పుడు" అని కూతుర్ని చూపించింది. "కాలు కింద పెడితే బిడ్డ దక్కదన్నాడు డాక్టరు. పొద్దస్తమానం మంచం మీదే. ఒక్క పాట వినిపిస్తుందేమో అనుకుంటే, ఇంట్లో టేప్ రికార్డరు మోటారు ఎవరికో అర్జంటని పీకేశారు మీరు. రేడియో స్పీకరు ఇంకెవరికో బిగించేశారు. అడిగితే ఏమన్నారు?"

"రేపు" అన్నారు ముగ్గురూ, రేపయ్య తప్ప.

ఆయన తల దించుకున్నాడు. ఆ ఏడాది ఎప్పుడు తలపుకొచ్చినా ఆయనకి కనపడేది ఆ లేని మోటారే. ఊరందరి ఇళ్ళల్లో పాటలు పలికించి, మంచం పట్టిన సొంత భార్యకి మూగ పెట్టె మిగిల్చాడు. ఇప్పుడు అందరి ముందూ దెప్పుతుంది. దెప్పనీ. న్యాయమే.

"తర్వాత ఏం చేశారో గుర్తుందా?" అంది ఆవిడ.

"ఏం చేశాను?"

"కొట్లో ఆ రోజు విన్న కొత్త పాట నేర్చుకొచ్చి, ఆ రేకుపెట్టె మీద కూర్చుని పాడేవారు. ఏ సాయంత్రం మానలేదు. గొంతు చూస్తే, బాగుచెయ్యడానికి ఎవరో ఇచ్చి వెళ్ళిపోయినట్టుండేది. మాటలు మర్చిపోతే రేడియో సామాన్ల పేర్లు పెట్టేవారు. 'నీ చూపే కండెన్సరు, నా గుండే ట్రాన్స్‌ఫార్మరు' అని."

టైలర్‌కి టీ పొలమారింది. "అయ్యో, ఎలా మర్చిపోయాను వదినగారూ! అప్పుడే కదా ఈ పక్కింట్లో దిగాను. అన్నయ్య మొదలుపెడితే మిషను ఆపేసేవాణ్ణి. నవ్వుతూ కుడితే సూది వేల్లో దిగేది."

"నేనూ ఇక్కడే ఉండి చదువుకునేవాణ్ణిగా" అన్నాడు కండక్టరు. గొంతు బస్సంత నుంచి ఆటో అంతకి తగ్గింది. "పక్కగదిలోంచి వినేవాణ్ణి. బావ పాడుతుంటే అక్క నవ్వేది. అది విన్నాకే నేను ధైర్యంగా పుస్తకం తెరిచేవాణ్ణి."

"అసలు పాటలు తర్వాతెప్పుడో రేడియోలో విన్నాను" అంది భార్య. "ఏం బాలేదు. కండెన్సరే లేదు వాటిల్లో."

కూతురు సూట్‌కేసు మీంచి లేచింది. "ఆ పాటలన్నీ లోపల్నుంచి విన్నదాన్ని నేను. నా ఓటు ఎనభై ఆరు."

"నాదీ మార్చెయ్యక్కా" అన్నాడు కండక్టరు. "నిజానికి తొంభై ఒకటి అనమని రెచ్చగొట్టింది బావే."

"నన్నూ అంతే వదినగారూ. రెచ్చగొడుతున్నారని మొన్నే మీకు చెప్పాను కదా."

రేపయ్య భార్య వంక చూశాడు. ఆవిడ ఖాళీ గ్లాసులు పోగుచేస్తోంది.

"నీకు ముందే తెలుసా?"

"మీరు చెప్పులేసుకుని అదే రోజు బయల్దేరినప్పుడే తెలిసింది."

ఎనభై ఆరు గెలిచింది. గెలిచిన సంవత్సరం తప్ప మిగతావన్నీ బీరువా దిగాలి. గెలిచిన సంవత్సరానికి కేసెట్టే లేదు. రేపయ్య లెక్క ఎటునుంచి చూసినా ఖాళీ బీరువాయే కనపడింది.

సాయంత్రానికి కేసెట్లన్నీ తన కొట్లో పెట్టుకుంటానని టైలర్ మోసుకుపోయాడు. "వినాలనిపిస్తే గోడకి చెవి ఆనించండన్నయ్యా" అన్నాడు. తొంభై ఒకట్లు మాత్రం ముందే ఏరుకుని, కండక్టరు వాటిని గోనెసంచిలో వేసుకుని వెళ్ళాడు. కూతురి బట్టలు నాలుగు అరల్లోకీ ఎక్కాయి. పై అరలో ఒక మూల మాత్రం భార్య ఖాళీగా వదిలింది. ఎనభై ఆరుది అది. మాట మాటే.

రేపయ్య ఆ ఖాళీ మూల వంక చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళూ ఆ ఏడాది పేరెత్తితే మాట మార్చేవాడు. తన తప్పుల్లోకెల్లా పెద్దదాన్ని ఆవిడ ఇంత భద్రంగా దాచుకుందని, అదీ వేరే లెక్కలో దాచుకుందని, తెలియలేదు. దెప్పడానికి ఒక మనిషి ఇంట్లో ఉండటమే చాలా పెద్ద సంగతి. ఆ మనిషి గుర్తుపెట్టుకున్నది దెప్పడానికి కాదని తెలిస్తే, ఇక ఏం మాట్లాడతాడు ఎవడైనా?

"ఏమండీ, ఉంచుకోమన్న సంవత్సరాన్ని ఉంచుకోవాలి కదా. ఒకటి పాడండి" అంది భార్య మంచం మీద కూర్చుంటూ.

"రే..." అన్నాడు అలవాటుగా. ఆగాడు. "ఇప్పుడే" అన్నాడు.

రేకుపెట్టె లాక్కుని కూర్చుని గొంతు సవరించుకున్నాడు. పక్కింట్లో కుట్టుమిషను ఆగిపోయింది. మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయనకి అసలు మాటలన్నీ వచ్చు. "నీ చూపే వెన్నెల..." అని తప్పులేకుండా ఎత్తుకున్నాడు.

"అది కాదు" అంది భార్య.

రేపయ్య కండెన్సరు దగ్గర్నుంచి మళ్ళీ అందుకున్నాడు.