గూడబాతుల రైడర్ మోకాలు

ఆ ఉదయం కుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే దెందులూరు వెళ్ళి, కట్లు కట్టే పెద్దాయన చేత కుడి మోకాలికి పసరుకట్టు వేయించుకుని, గుండుగొలను మార్కెట్టులో చేపల బుట్టలు దిగే వేళకి వచ్చేయాలి. అంతే. మొగుడు పోయిన దగ్గర నుంచీ కత్తిపీట ముందు కూర్చుని కొల్లేటి చేపలు కోసి కోసి ఆ మోకాలు పనికిరాకుండా పోయింది. ఆ సంగతి మాత్రం ఊళ్ళో ఎవరికీ తెలియకూడదు. కూర్చోలేకపోతోందని తెలిస్తే పక్క బుట్ట సావిత్రి జాలిపడుతుంది. జాలిపడుతూనే బేరాలన్నీ తన వైపు తిప్పుకుంటుంది.

"ఎవరికైనా చెప్పావో, నా మీద ఒట్టేరా," అంది కొడుకుతో, బండి ఎక్కుతూ.

"నేనెందుకు చెబుతానే," అన్నాడు మణిదీప్. ఈ మధ్య వాణ్ణి ఏది అడిగినా అంతకు మించి మాట్లాడడం లేదు.

మణిదీప్ అంటే ఊళ్ళో ఒక పేరు. ఏలూరు పెలికాన్స్ కబడ్డీ జట్టులో రైడర్ వాడు, టీవీలో కనబడే మనిషి. కొల్లేటి పక్షికి ఇంగ్లీషు పేరెందుకని ఇక్కడి జనం ఆ జట్టును గూడబాతులనే అంటారు. తాడేపల్లిగూడెం వాళ్ళకి గ్లాడియేటర్స్ అని ఇంకో జట్టు ఉంది. గ్లాడియేటర్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు కనుక దానికి ముద్దుపేరు రాలేదు.

దెందులూరులో పెద్దాయన ఇంటి అరుగు మీద, బల్లల మీద అంతా మగవాళ్ళే. కుమారి సిగ్గుపడి, లోపలి గదిలో తలుపు వేయించుకుని కట్టు కట్టించుకుంది.

"మధ్యమధ్యలో కట్టు మార్చాలమ్మా. ఇంటి దగ్గర ఎవరు కడతారు?" అన్నాడాయన.

"మా అబ్బాయున్నాడండి."

"అయితే ఓసారి చూపిస్తాను, నేర్చుకుంటాడు."

పసరు ఆరేదాకా కుమారి కదలకూడదు. ఆడమనిషి కాలు మీద పదేపదే చూపించడం పెద్దాయనకీ ఇబ్బందే. ఆయన బయటకి వచ్చి మణిదీప్‌ను బల్ల మీద కూర్చోబెట్టి, వాడి ప్యాంటు పైకి మడిచి, వాడి మోకాలికే గుడ్డ చుట్టి ముడి ఎలా వేయాలో చూపించాడు. సరిగ్గా అప్పుడే మణికట్టు బెణికిందని భాస్కరరావు ఆ వాకిట్లో అడుగుపెట్టాడు.

"బాబూ, ఏమైంది నీకు?"

"ఏం లేదండి, ఊరికేనండి."

"ఊరికే ఎవరన్నా కట్టు కట్టించుకుంటారా?"

లోపల తల్లి ఉంది. ఆమె మీద ఒట్టు ఉంది. మణిదీప్ తల వంచుకున్నాడు. భాస్కరరావుకి ఆ వంచిన తల చాలు. మణికట్టు సంగతి మర్చిపోయి వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్ళిపోయాడు.

భాస్కరరావు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు హైవే పక్క టీకొట్టులో కూర్చుని, ఆటగాళ్ళను ఈ జట్టులోంచి దింపి ఆ జట్టులోకి ఎక్కిస్తూ ఉంటాడు. సీజను అయిపోయింది, వేలం ఇంకా రాలేదు. ఆట లేని ఈ నెలల్లోనే టీకొట్టులో ఆట జోరుగా సాగుతుంది.

"గూడెం వాళ్ళు హర్యానా డిఫెండర్‌కి గాలం వేశారంటండి," అన్నాడు చంటి. అతనికి సెల్‌ఫోన్ రిపేరు షాపుంది. దాంతోపాటు 'చంటి స్పోర్ట్స్' అని యూట్యూబ్ ఛానల్ కూడా ఉంది.

"వేసుకోనీ. ఆడు గూడెం ఎండకి రెండు మ్యాచులాడి పడిపోతాడు. మన గూడబాతుల సంగతి చూడు ముందు," అని భాస్కరరావు గ్లాసు కింద పెట్టి, నలుగురూ తన వైపు తిరిగేదాకా ఆగాడు. "మణిదీప్ పని అయిపోయింది."

"అదేంటండీ!"

"నా కళ్ళతో చూశాను. మోకాలు. వెదురుబద్దలేసి కట్టేరు."

బద్దలు లేవు. టీకొట్టు చేరేసరికి అవి వచ్చాయి.

"ఏ కాలండి?"

"కుడి."

"రైడుకెళ్ళేటప్పుడు ఎడమ కాలేగదండీ ముందేస్తాడు. పోతే ఎడమదే పోవాలి," అన్నాడు చంటి.

కుడా ఎడమా అని ఒంటిగంట దాకా వాదించుకున్నారు. అసలు దెబ్బ తగిలిందా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. సాయంత్రానికి చంటి వీడియో వచ్చింది. "మణిదీప్ ఎడమ మోకాలు పోయిందా? గూడబాతుల కొత్త రైడర్ ఎవరు?" అని ఎర్ర అక్షరాలు. మర్నాటికి భీమడోలులో లిగమెంటు తెగింది. ఏలూరు చేరేసరికి కాల్లో స్టీలు రాడ్డు పడింది. కైకలూరు నుంచి ఎవరో ఫోను చేసి కాలు తీసేశారటగా అని సావిత్రిని అడిగారు.

కుమారి తన కట్టును చీర కుచ్చిళ్ళ కింద దాచుకుని కత్తిపీట ముందు పళ్ళ బిగువున కూర్చుంటే, చేపలకి వచ్చినవాళ్ళంతా ఓదార్చి పోతున్నారు. ఆమె బుట్ట సావిత్రికి అప్పగించి, నొప్పి కాలితోనే చంటి షాపుకి వెళ్ళింది.

"ఏరా చంటీ, వాడి కాలు పోయిందని నీకెవడు చెప్పాడు?"

"పోయిందని నేనెక్కడన్నాను పిన్నీ? పోయిందా అని అడిగాను. చివర క్వశ్చన్ మార్కు పెట్టాను చూడు."

ఆ ప్రశ్నకి జవాబు తెలుసుకోవడానికి జనం కుమారి ఇంటికి రావడం మొదలుపెట్టారు. బత్తాయిలు, బొండాలు, ఎముక అతుకుతుందని కొర్రమీనులు. ఒకాయన మేకకాళ్ళే పట్టుకొచ్చాడు. మణిదీప్ అందరికీ కూర్చోండి అంటాడు, నొప్పి ఎలా ఉందంటే నేల చూపులు చూస్తాడు. లేచి లోపలికి వెళ్ళేటప్పుడు కాస్త కుంటుతున్నాడు కూడా.

అది చూసి కుమారి వాడి వెనకే లోపలికి వెళ్ళింది.

"ఏంట్రా ఆ నడక? నీకేమైంది?"

"ఏం లేదమ్మా. అనుకోనీ."

"అనుకోనిస్తే నిన్ను జట్టులోంచి తీసేస్తార్రా! నా ఒట్టు తీసి గట్టు మీద పెట్టేస్తున్నాను. ఆ కట్టు మా అమ్మదని చెప్పెయ్. సావిత్రి నా బేరాలు పట్టుకుపోతే పోనీ."

"ఊరుకో అమ్మా, నీకు దణ్ణం పెడతాను," అని వాడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తన బేరాల కోసమే కొడుకు నిందను నోరు మూసుకుని మోస్తున్నాడని కుమారి అనుకుంది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, ఈ నింద తానే దింపాలని నిశ్చయించుకుంది. తల్లులు నిశ్చయించుకుంటే ఇక ఆపేవాడు ఉండడు. ఉంటే బాగుండేది.

అబ్బాయిరాజుగారు చూడడానికి వస్తున్నారని ఆదివారం కబురు వచ్చింది. ఆయనకి ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువులు, గూడెంలో జూనియర్ కాలేజీ ఉన్నాయి. గూడబాతుల చొక్కాల మీద ఉండేది ఆయన చేపల మేత కంపెనీ పేరే. చొక్కా ఆయనది కనుక జట్టూ ఆయనదేనని కుమారి లెక్క. ఆయన కళ్ళారా ఆ కాలు చూస్తే చాలు.

"ఆయనొచ్చినప్పుడు నువ్వేం మాట్లాడకే," అన్నాడు మణిదీప్. వాడు అంతగా బతిమాలడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నేనెందుకు మాట్లాడతాన్రా," అంది కుమారి.

రాజుగారి కారు వెనక టీకొట్టంతా వచ్చింది. చంటి ఫోను పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. మణిదీప్ వాకిట్లో నులకమంచం మీద ఒక కాలు చాపి కూర్చున్నాడు. రాజుగారు కుర్చీలో కూర్చుని, "ఏం బాబూ, ఎలా ఉంది?" అన్నారు.

"పర్లేదండి," అన్నాడు మణిదీప్ మంచం కోడు వంక చూస్తూ.

కుమారి ఇచ్చిన మాట అక్కడికే నిలిచింది. "ఆడికేం లేదండి రాజుగారూ! కట్టు ఆడిది కాదు, నాది. నా మోకాలే పోయింది!"

"తల్లి కదండీ, అలాగే అంటుంది పాపం," అన్నాడు భాస్కరరావు.

కుమారికి ఒళ్ళు మండిపోయింది. దెందులూరులో తలుపు వేయించుకున్న మనిషి, ఇప్పుడు నలుగురిలో చీర కుచ్చిళ్ళు ఎత్తి, ఆకుపచ్చ పసరు కారి ఎండిపోయిన కట్టు చూపించింది. "చూడండి!"

అందరూ చూశారు.

"చూశారా అండీ," అన్నాడు భాస్కరరావు గద్గదంగా, "కొడుకు పరువు కోసం తను కూడా ఓ కట్టు కట్టేసుకుంది. తల్లి మనసంటే అదండి."

చంటి ఆ కట్టును ఫోనులో దగ్గరగా వీడియో తీశాడు. సావిత్రి గోడ అవతల నుంచి తీరిగ్గా చూసింది.

కుమారికి ఇక ఒక్కటే దారి తోచింది. మంచం కిందకి వేలు చూపించి గొంతు చించుకుని అరిచింది: "పాము! ఒరేయ్, పాము!"

కొల్లేటి పక్క ఊళ్ళలో ఆ మాట విన్నాక ఎవరూ ఆలోచించరు. మణిదీప్ మంచం మీద నుంచి లేచాడో, ఎగిరాడో ఎవరికీ తెలియలేదు. రాజుగారి కుర్చీ మీదుగా, వలల కుప్ప మీదుగా, నడుమెత్తు గోడ మీదుగా ఒక్క దూకులో అవతల వీధిలో పడి, రెండు కాళ్ళ మీదా నిటారుగా నిలబడ్డాడు. ఆ సీజను మొత్తంలో వాడు అంత మంచి రైడు చేయలేదు.

జనం చప్పట్లు కొట్టారు. చంటి వీడియో ఆపలేదు.

"కాలు ఉక్కులాగుంది కదండీ!" అంది కుమారి, కళ్ళు మెరుస్తూ.

అబ్బాయిరాజుగారు కుర్చీలోంచి నెమ్మదిగా లేచారు. "ఉంది. బ్రహ్మాండంగా ఉంది. మరి కాలింత బాగుంటే పెలికాన్స్ వాళ్ళు ఇతన్ని ఎందుకు వదిలేసినట్టు?"

"వదిలేయడమేంటండీ?"

"నెల కిందటే వదిలేశారమ్మా. నీకు తెలియదా? తక్కువలో ఇంకో కుర్రాడు దొరికాడన్నారు. వీడియో చూసి, అది పైకి చెప్పిన మాటేమో, అసలు కారణం దెబ్బేనేమో అనుకున్నాను. దెబ్బ తగిలి ఆగిపోయిన ఆటగాడంటే మా కాలేజీ పిల్లలకి గౌరవం ఉంటుంది. కోచ్‌గా వేసుకుందామనే వచ్చాను. కాళ్ళు రెండూ బాగుండగానే వాళ్ళు పంపించేసినవాణ్ణి తీసుకెళ్ళి, ఇదిగో మీ గురువని ఎలా చెప్పనమ్మా?"

ఆయన మర్యాదగా దణ్ణం పెట్టి కారెక్కారు. గోడ అవతల మణిదీప్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఇప్పుడు కుంటడానికి కూడా వీలు లేదు.

వాకిలి ఖాళీ అవడానికి ఎంతోసేపు పట్టలేదు. "నేను ముందు నుంచీ చెబుతూనే ఉన్నాను, ఆడి రైడులో పస లేదని," అన్నాడు భాస్కరరావు గేటు దాటకుండానే. కొర్రమీను తెచ్చినాయన పొయ్యి వైపు ఓసారి చూశాడు. ఇంకా వండలేదు. సంచీతో సహా తీసుకుపోయాడు. చీకటి పడకముందే చంటి కొత్త వీడియో పెట్టాడు: "మణిదీప్‌ని పంపేయడానికి అసలు కారణం ఇదే!" ఈసారి క్వశ్చన్ మార్కు లేదు. కింద, తల్లి కట్టు ఫోటో.

మణిదీప్ లోపలికి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"ముందే చెప్పొచ్చు కదరా."

"చెబితే ఏడుస్తావని."

"ఏడిస్తే ఇంట్లో ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఊరంతా చూస్తుండగా ఏడవాల్సొచ్చింది."

వాడు ఆమె మోకాలి మీద వదులైపోయిన కట్టు విప్పి, కొత్త గుడ్డ చుట్టి, దెందులూరులో నేర్చుకున్నట్టే ముడి వేశాడు. చక్కగా వేశాడు. చేతికి వచ్చిన కొత్త పని అదొక్కటే.

మర్నాడు మార్కెట్టులో జనం కుమారి బుట్ట దగ్గర ఆగి, మోకాలెలా ఉందని అడిగి, సావిత్రి దగ్గర చేపలు కోయించుకున్నారు. మధ్యాహ్నానికల్లా ఆమె అమ్ముడుపోని చేపలతో ఇంటికి వచ్చి, బుట్ట దించి, కొడుకు ముందు నిలబడింది.

"బండి తియ్యరా. దెందులూరు పోదాం."

"కట్టు రాత్రే కదే మార్చాను."

"నాకు కాదు, నీకు. అంత గోడ దూకావు కదా. దూకినప్పుడే విరిగిందని చెబుదాం. వీడియో కూడా ఉంది. రాజుగారికి నేనే ఫోను చేస్తాను."

మణిదీప్ తల్లి ముఖం వంక చూశాడు. ఆమె నవ్వడం లేదు. వాడు తాళం చేతిలోకి తీసుకుని, "ఏ కాలికే?" అన్నాడు.

కుమారి ఆలోచనలో పడింది. భాస్కరరావు కుడి అన్నాడు, చంటి ఎడమ అన్నాడు, టీకొట్టు ఇంకా తేల్చలేదు.