ఆరున్నొకటి

శనివారం పొద్దున రఘువీర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కిండర్‌గార్టెన్ చదివే కూతురు రిషిత చేత నాలుగు చిన్న మాటలు చదివించి, ఇరవై దాకా లెక్కపెట్టించి, పదింటికల్లా కారు సర్వీసింగ్‌కి తీసుకెళ్ళాలి. సోమవారం బళ్ళో టీచరు ఒక్కొక్క పిల్లనీ పక్కన కూర్చోబెట్టుకుని పరీక్షిస్తుంది. తప్పినవాళ్ళను రోజూ ఒక గంట వేరే గదిలో కూర్చోబెట్టి మళ్ళీ నేర్పిస్తారు. మిగతా పిల్లలు బడి తోటలో మొక్కలకు నీళ్ళు పోసేది సరిగ్గా ఆ గంటలోనే. అక్కడ రిషితకు సొంతంగా ఒక టమాటా మొక్క ఉంది. దాన్ని వదిలేసి వేరే గదిలో కూర్చోమంటే బడికే వెళ్ళనని ఆ అయిదేళ్ళ పిల్ల ముందే తేల్చి చెప్పింది.

చదవడం చిటికెలో అయిపోయింది. అంకెల దగ్గరికి వచ్చేసరికి ఆఫీసు నుంచి ఫోను. ఏదో సర్వర్ పడిపోయిందట.

"అమ్మా, దీని చేత కాస్త ట్వెంటీ దాకా కౌంటింగ్ చేయించవా? తెలుగులో అయినా పర్లేదు, అదే ఇంగ్లీష్‌లోకి మార్చుకుంటుంది" అని తల్లికి అప్పజెప్పి రఘువీర్ ల్యాప్‌టాప్ తెరిచాడు. భార్య సుధ ఆఫీసు పనిమీద ఊరెళ్ళింది. ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని తర్వాత ఆమె వందసార్లు అంది.

రఘువీర్ తల్లి సుబ్బులు అమెరికాలో కొడుకుండే ప్లేనోకి వచ్చి రెండు నెలలయింది. తెనాలిలో భర్తతో కలిసి ఏళ్ళ తరబడి బియ్యం కొట్టు నడిపిన మనిషి. లెక్క నేర్పడమంటే ఆమె దృష్టిలో బియ్యం కొలిపించడమే. ఇండియన్ స్టోర్‌ నుంచి వచ్చిన కొత్త సంచీ విప్పి, సూట్‌కేసులో తెచ్చుకున్న బియ్యం కొలిచే ఇత్తడి తవ్వ మనవరాలి చేతికిచ్చింది.

"ఊఁ, డబ్బాలో పొయ్యమ్మా. లాభం!"

"లాభం!" అని అరిచింది రిషిత.

"రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొకటి... ఎనిమిది..."

కొలిచేవాళ్ళు ఒకటి అనరు, మొదటి కొలత ఎప్పుడూ లాభమే. ఏడు అసలే అనరు, అందులో ఏడుపు వినిపిస్తుంది. ఇదంతా రఘువీర్ పుట్టినప్పటి నుంచీ విన్నదే. కానీ ఆ పూట అతని చెవులు సర్వర్ దగ్గర ఉన్నాయి.

"నానమ్మా, సెవెన్ ఏది?"

"ఆ మాట అనకూడదమ్మా. అంటే ఏడుపొస్తుంది."

"ఎవరికి?"

"ఎవరికైనా రావచ్చు. మనకెందుకొచ్చిన గొడవ?"

ఆ మాట రిషిత మనసుకు పట్టింది. తన నోటివల్ల లోకంలో ఎవరూ ఏడవడానికి వీల్లేదు. తండ్రి దగ్గరికి పరిగెత్తి, "నాన్నా, లాభం అంటే వాట్?" అని అడిగింది.

"ప్రాఫిట్" అన్నాడు అతను స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే.

"ఆరున్నొకటి?"

"సిక్స్ అండ్ వన్. అబ్బో, ప్లస్ కూడా వచ్చేసిందే మా బంగారానికి!"

సోమవారం టీచరు మిస్ హాలీ పక్కన కూర్చుని ఆ బంగారం గొంతు సవరించుకుంది. "ప్రాఫిట్, టూ, త్రీ, ఫోర్, ఫైవ్, సిక్స్, సిక్స్ అండ్ వన్, ఎయిట్..." ఎక్కడా తడబడకుండా ఇరవై దాకా వెళ్ళింది. పదహారు తర్వాత "సిక్స్‌టీన్ అండ్ వన్" అంది. పదిహేడులో కూడా ఏడు దాక్కుందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టిన పిల్లకు లెక్కలు రావనడం ఎంత అన్యాయం!

"ఆరు తర్వాత వచ్చేదానికి ఇంకో పేరుంది కదా, రిషితా?" అంది మిస్ హాలీ.

"ఉంది. నేను చెప్పను."

"ఎందుకమ్మా?"

"చెప్తే ఎవరో ఏడుస్తారు."

మిస్ హాలీ ఆ సాయంత్రమే రఘువీర్‌కి ఫోన్ చేసింది. బుధవారం ప్రిన్సిపాల్‌తో మీటింగ్. "నేర్పింది నేనైతే నువ్వొక్కడివే వెళ్తావేంట్రా?" అని సుబ్బులు కూడా పట్టుచీర కట్టి కారెక్కింది.

ప్రిన్సిపాల్ మిసెస్ గ్రాంట్‌ది దూదిలాంటి గొంతు. "మీ ఇంట్లో సెవెన్ అంటే భయమెందుకో చెప్తారా?" అని అడిగింది.

రఘువీర్ కంగారులో ఇంగ్లీషులో ఒకేసారి అంతా చెప్పబోయాడు. "భయం కాదు మేడమ్. మా భాషలో సెవెన్ అంటే ఏడుపు."

"అంటే సెవెన్‌కి ఎవరో ఏడుస్తారా?"

"ఎవరూ ఏడవరు!"

"నాన్న" అంది పక్క కుర్చీలో ఉన్న రిషిత. అబద్ధమాడడం ఆమెకు చేతకాదు. "రోజూ సిక్స్ అండ్ వన్‌కి ఇండియా టీమ్‌తో కాల్ ఉంటుంది. నాన్న తల పట్టుకుని ఓ గాడ్, ఓ గాడ్ అంటాడు."

మిసెస్ గ్రాంట్ మొహం జాలితో నిండిపోయింది. "మరి ఆ ప్రాఫిట్?"

"అది బియ్యం అమ్మేటప్పుడు అనే మాట మేడమ్..."

"పాప చేత బియ్యం అమ్మిస్తున్నారా?"

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఇదే. "ఏమంటోందిరా ఆవిడ?" అని సుబ్బులు మోచేత్తో పొడుస్తోంది. రఘువీర్ తల్లి మోచేతిని నెడుతూనే ప్రిన్సిపాల్‌కి మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయాడు. చివరికి ప్రిన్సిపాల్ తీర్పు చెప్పింది. రిషిత ఈ రోజు నుంచే వేరే గదికి. నాన్నకి, ఇష్టమైతే, ఒక కౌన్సెలర్ నంబరు.

"నేను వెళ్ళను! నాకు కౌంటింగ్ వచ్చు!" అని రిషిత నేల అదిరేలా కాలు కొట్టింది. అన్యాయమనిపించినప్పుడు ఆ కుటుంబంలో ఎవరూ మెత్తగా ఉండరు. వాళ్ళు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

గది చూస్తే నచ్చుతుందని మిసెస్ గ్రాంట్ మిస్ హాలీతో సహా అందరినీ వరండాలోకి నడిపించింది. రిషిత మూతి ముడుచుకునే తలుపుల మీద బోర్డులు చదువుకుంటూ వెళ్ళింది. "ఎలెవెన్. ట్వెల్వ్. ట్వెల్వ్ ఏ. ఫోర్టీన్." అక్కడ ఆగిపోయింది. వెనక్కి తిరిగి మళ్ళీ చదివింది.

"థర్టీన్ ఏది?"

"ఇదే" అంది ప్రిన్సిపాల్, ట్వెల్వ్ ఏ తలుపు తీస్తూ.

"మరి థర్టీన్ అని ఎందుకు రాయలేదు?"

మిసెస్ గ్రాంట్ చెయ్యి తలుపు పిడి మీదే ఉండిపోయింది. "అంటే... ఆ నంబరు కొందరికి అచ్చిరాదు. పాత అలవాటు."

"చెప్తే ఎవరైనా ఏడుస్తారా?"

మిస్ హాలీ గోడ మీద బొమ్మలకేసి చూడసాగింది. రఘువీర్ తల్లికి సంగతి తెలుగులో చెప్పాడు. సుబ్బులు మొహం వెలిగిపోయింది.

"పన్నెండున్నొకటి! ఓసినీ, వీళ్ళూ మనవాళ్ళే కదరా!"

ఆ మాట రఘువీర్ ఇంగ్లీషులో చెప్పాడు, ఈసారి నిదానంగా, ఒక్క ముక్క కూడా తప్పకుండా. అంతసేపూ ఎక్కని విషయం మిసెస్ గ్రాంట్‌కి అప్పుడెక్కింది. రిషిత మాత్రం రాజీకి రాలేదు. చేతులు కట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఫస్ట్ నువ్వు బోర్డు మీద థర్టీన్ రాయి. అప్పుడు నేను అది అంటాను."

టీచరు ముందు, తల్లీకొడుకుల ముందు ప్రిన్సిపాల్ ఏం చేస్తుంది? సరేనంది. వేరే గది మాట అక్కడితో రద్దయింది. గురువారం తలుపుకి కొత్త బోర్డు పెట్టారు. రిషిత దాని ఎదురుగా నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని "సెవెన్!" అని అరిచింది. ఎవరూ ఏడవలేదు. ఆ మధ్యాహ్నం తోటలోకి ఆమె అందరికన్నా ముందు వెళ్ళింది.

శుక్రవారం ఆ గది పైకప్పులో పైపు పగిలి కార్పెట్ అంతా తడిసిపోయింది. లంచ్‌లోపే ట్వెల్వ్ ఏ బోర్డు తిరిగొచ్చింది. అది చూసి క్లాసుకి వెళ్ళిన రిషిత మళ్ళీ "ప్రాఫిట్" దగ్గర్నుంచి మొదలుపెట్టింది.

ఈసారి మిస్ హాలీ దిద్దలేదు.