చాకులు కోసిన ఆవకాయ

మామిడికాయను టెంకతో సహా చెక్కలు చేయడానికే పుట్టిన కత్తి ఊళ్లో ఉండగా, జేబులో మడిచి పెట్టుకోవడానికి పుట్టిన చాకుతో దాన్ని కోయవలసిన అవసరం చదువుకున్న మగవాళ్లకు ఎందుకు కలుగుతుంది? ఈ ప్రశ్నను కామేశ్వరమ్మగారు బరంపురంలో చాలామంది పెద్దలను అడిగారు. కొందరు నవ్వారు, కొందరు మాట మార్చారు, ఒకాయన తన జేబు తడుముకున్నాడు. జవాబు చెప్పినవారు మాత్రం ఇంతవరకు లేరు.

ఆ వైశాఖపు ఉదయం ఆవిడ పెట్టుకున్న పని చాలా సాదాది. కొడల ఊరి తోట నుంచి బండి మీద వచ్చిన కాయలు వాకిట్లో గంపల్లో ఉన్నాయి. వాటిని కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఏటా వచ్చే లక్ష్ముడి చేత కొట్టించి, ఎండ వాలేలోగా ఉప్పూ కారం ఆవపిండీ కలిపి జాడీకి ఎత్తాలి. ఆ రోజు దాటితే కాయ మెత్తబడుతుంది. మెత్తబడిన కాయ ఆవకాయకు పనికిరాదు. అత్తగారు అచ్చమ్మగారు మడి కట్టుకుని ఒంటిపూట భోంచేసే మనిషి. ఆవిడ అన్నంలోకి ఏడాది పొడుగునా ఆ జాడీయే ఆధారం. ఆవకాయ కుదరని ఇంట్లో తాను ఉండననీ, అస్కాలో చిన్నకోడలి దగ్గరికి వెళ్లిపోతాననీ ఆవిడ ప్రతి వేసవిలోనూ గుర్తుచేసేవారు. ఆవిడ వెళ్లడం పెద్ద విషయం కాదు. ఎందుకు వెళ్లారో గంజాం జిల్లా అంతా చెప్పుకోవడం పెద్ద విషయం.

భర్త వేంకటరమణమూర్తిగారిని కామేశ్వరమ్మగారు కోరిన సహాయం ఒక్కటే: గంపల మీద బిగించిన తాళ్లు తెంపి పెట్టమని. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టరు. వేసవి సెలవులు గనక చేతుల్లో పనీ, ఎదుట పిల్లలూ లేరు. జేబులోంచి చాకు తీశారు. అది గోపాలపురం రేవులో స్టీమరు దిగిన షెఫీల్డు ఉక్కు, పిడి దుప్పికొమ్ము. తాడు తెగింది. లోకం అక్కడితో సుఖంగా ఉండేది. కాని ఆ ఇంట్లోనే ఉండే ఆవిడ తమ్ముడు, ప్లీడరు అనంతపద్మనాభం, కాఫీ తాగుతూ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"తాడు తెగలేదు బావగారూ, మీ అవస్థ చూసి జాలిపడి ఊడింది," అన్నాడతను.

అని, తన చాకు విప్పాడు. హైకోర్టు పని మీద మద్రాసు వెళ్లినప్పుడు కొన్నది, పిడి ఎముక. యుద్ధం అయిపోయాక కొత్తగా వచ్చిన తుప్పు పట్టని ఉక్కు. చాకు అద్దంలా ఉంది. అందులో అతను మీసం చూసుకున్నాడు. మాస్టారు అద్దం వేరు, ఆయుధం వేరు అన్నారు. ఆ ఉక్కు మెరుస్తుందే గాని పదును నిలవదన్నారు; పదును పోతే మన సానరాయి దాన్ని ఏమీ చేయలేదన్నారు. తన ఉక్కుకు నూనెరాయి మీద నాలుగు పట్లు చాలునట. రోజూ నాలుగు పట్లు పట్టవలసిన ఉక్కు ఉక్కే కాదని ప్లీడరు వాదించాడు. ఈ తగాదాను పరీక్షతో తేల్చాలని ఇద్దరూ నిర్ణయించారు. చదువుకున్నవారు గనక చేతికి దొరికిన దానితో మొదలుపెట్టారు.

మొదట పెన్సిళ్లు పోయాయి. తరువాత తాళ్లు: గంపల తాడు చాలక బావి చేద తాడు కూడా రెండుగా, నాలుగుగా తెగింది. మంచానికి నవారు వదులైంది. వక్కల దగ్గర ప్లీడరు చాకు అంచు ఒకచోట పెళుసుగా విరిగితే, అది వక్క దోషమని అతను అభ్యంతరం లేవదీశాడు. పదును అసలైన కొలత వెంట్రుక అని మాస్టారు గుర్తుచేయగా ఇద్దరూ చొక్కా చేతులు పైకి మడిచి, ఎవరి ఎడమచేతిని వాళ్లు గొరుక్కోవడం ప్రారంభించారు.

పనిమనిషి కూర్మమ్మ కాయలు తుడవడం ఆపి లోపలికి వచ్చింది.

"ఏటమ్మగోరూ, బాబులిద్దరూ సేతులకి గుండు గీసుకుంటన్నారు. మొక్కేటైనా ఉందేటి?"

కామేశ్వరమ్మగారు బయటికి వచ్చేసరికి చేతుల పరీక్ష పూర్తయి, పులుపు పరీక్ష మొదలైంది. ఉక్కు గుణం పులుపులో బయటపడుతుందట. ఊళ్లో మామిడికాయ కంటే పుల్లనిది లేదట. తుడిచిన కాయల్లో మంచివి ఏరి ఇద్దరూ కోస్తున్నారు. చాకుకు టెంక తెగదు గనక, టెంక చుట్టూ కండ చెక్కి, చిన్నచిన్న ముక్కలుగా పళ్లెంలో వేస్తున్నారు. షెఫీల్డు ఉక్కు మీద నల్లటి చార పాకింది; ఆ నలుపు ముక్కలకూ అంటింది. ప్లీడరు చాకు మెరుస్తూనే ఉంది గాని ముక్క కోయడం మాని, నలపడం మొదలుపెట్టింది.

"నలుపెక్కితే ఏం? పదును ఉంది," అన్నారు మాస్టారు.

"పదును లేకపోతే ఏం? శుభ్రంగా ఉంది," అన్నాడు ప్లీడరు.

టెంక లేని ముక్క కార్తీకం దాటదనీ, అది ఆవకాయ కాదు, పచ్చడి అనీ కామేశ్వరమ్మగారు చెప్పారు. ఇది శాస్త్రం అక్కా, అన్నాడు తమ్ముడు. సరిగ్గా అప్పుడే భుజాన బరువైన కత్తితో లక్ష్ముడు గుమ్మంలోకి వచ్చాడు. ఇద్దరు పెద్దమనుషులు గొరిగిన చేతులతో మామిడికాయల ముందు కూర్చుని ఉండడం చూశాడు. వాళ్లకు దండం పెట్టి, వెనక్కు తిరిగాడు.

"బాబుగోర్లే కోసీసుకుంటన్నారు కదమ్మా. మరి నాకేటి పని?"

ఆవిడ గుమ్మం దాకా వచ్చేసరికి అతను వీధి మలుపు తిరిగి, బడా బజారులో ఇంకొకరి కాయలకు ఒప్పుకున్నాడు. వెనక్కు పిలుచుకు రమ్మని కూర్మమ్మను తరిమి, కామేశ్వరమ్మగారు తన దగ్గర మిగిలిన ఒకే ఒక ఆయుధం ప్రయోగించారు. పచ్చికాయకు ఉప్పు పడేదాకా మడి పట్టింపు ఉండదని ఆవిడకు తెలుసు. ఆ సంగతి మగవాళ్లకు తెలియదని కూడా తెలుసు.

"ఆ చాకుల పిడులు ఏమిటో చూసుకున్నారా? ఒకటి కొమ్ము, ఒకటి ఎముక. ఆ చేతితో తాకిన కాయ అత్తయ్యగారి మడికి పనికొస్తుందా?"

ఇద్దరూ చాకులు కింద పెట్టారు. ఆవిడ తృప్తిగా ఊపిరి తీసుకున్నారు. తృప్తి ఆ ఊపిరి దాకానే నిలిచింది. జింకచర్మం మీద కూర్చుని జపం చేస్తారు గనక దుప్పికొమ్ము పవిత్రమేనని మాస్టారు వాదించారు. శంఖం ఎముక కాక మరేమిటని ప్లీడరు అడిగాడు. కాసేపటికి, పరీక్ష మొదలుపెట్టాక మొదటిసారి, ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు.

"అక్క చెప్పింది న్యాయమే బావగారూ. గంపలన్నిటినీ మనం తాకాం. ఇవి మడికి పనికిరావు."

"అయితే మొహమాటం దేనికి? అన్నీ పరీక్షకే," అన్నారు మాస్టారు, రెండో గంప దగ్గరికి లాక్కుంటూ.

ఈలోగా కూర్మమ్మ బడా బజారులో లక్ష్ముణ్ణి బతిమాలుతోంది. బావా బావమరదులు ఉదయం నుంచి చాకులు తీసి కూర్చున్నారనీ, అమ్మగారి మాట వినడం లేదనీ, ఇంకాస్త ఆలస్యమైతే ముక్కలు తప్ప ఏమీ మిగలవనీ చెప్పింది. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. మిగతాది బజారు సమకూర్చుకుంది. లక్ష్ముడు రాలేదు, అంత గొడవ ఉన్న ఇంటికి అంత కత్తితో వెళ్లడం క్షేమం కాదనుకున్నాడు. వచ్చినవారు బట్టల దుకాణాల వాళ్లూ, కోర్టు గుమాస్తాలూ, దారిన పోయేవాళ్లూ, వాళ్లందరినీ తోసుకుంటూ ఒక కానిస్టేబులూ.

"కణ హేలా బాబూ? ఏమైంది? గాయం ఎవరికి?" అన్నాడు కానిస్టేబులు.

గాయం మామిడికాయలకని తేలింది. గుంపు నిరాశపడింది గాని కదల్లేదు. ఒక గుమాస్తా, జర్మనీ ఉక్కును పరీక్షలో చేర్చకపోవడం పక్షపాతమని, జేబులోంచి చాకు తీశాడు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు ప్రతి జేబులోంచీ ఒకటి బయటికి వచ్చింది. తగవు ఆపడానికి వచ్చినవాడు తగవుకు తగిన సరంజామాతోనే వచ్చాడు. కానిస్టేబులు కూడా, టోపీ పక్కన పెట్టి, అస్కా కమ్మరి బండిచక్రపు ఇనుపపట్టాతో సాగగొట్టిన చాకు విప్పి, వరుసలో కూర్చున్నాడు. గంపలు ఖాళీ అయ్యాయి. వాకిట్లో ఎండ గోడెక్కింది. పళ్లేలు, చాటలు, చాపలు, ఎటు చూసినా టెంకలేని ముక్కలు. సగం నల్లవి, సగం నలిగినవి.

కామేశ్వరమ్మగారు గడప మీద కూర్చున్నారు. ఆవిడ ఏడవలేదు. అస్కా బండి ఎప్పుడు బయల్దేరుతుందా అని మాత్రం ఆలోచించారు.

అప్పుడు పెరటి వైపు నుంచి తడి మడిబట్టతో అచ్చమ్మగారు వచ్చారు. చాకులన్నీ టకటక మూసుకున్నాయి. ఆవిడ ఎవరినీ చూడలేదు. చాప దగ్గర వంగి, ఒక నల్లముక్క తీసుకుని నోట్లో వేసుకున్నారు. వీధంతా ఆ దవడల వైపు చూసింది.

"అత్తయ్యగారూ, ఆ పిడులు ఎముకవి," అన్నారు కామేశ్వరమ్మగారు, తాను మొదలుపెట్టిన మాట తానే ముగించక తప్పక.

"ఉప్పు పడందే కాయకి మైలేటే? ఏటా లక్ష్ముడి చెమట పడట్లేదా?" అన్నారు అచ్చమ్మగారు. ఇంకో ముక్క తీశారు. "నా పళ్లూడి ఎన్నేళ్లయిందో ఈ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా? ఆ టెంకముక్కలు చప్పరించి, నువ్వు చూడకుండా గోడవతల పారేస్తున్నాను. ఇన్నాళ్లకి నమిలే ముక్క కోశారు. ఊఁ, ఉప్పు పట్టుకురా. చూస్తావేటి?"

పొద్దు వాలకముందే జాడీకి గుడ్డ కట్టారు. ఎర్రకారంలో నల్లచార ఎవరికీ కనిపించలేదు. అచ్చమ్మగారు అస్కా ఊసు ఎత్తలేదు. టెంక కొరికితే గాని అన్నం దిగని మాస్టారూ ప్లీడరూ ఆ జాడీ ఉన్నన్నాళ్లూ మెత్తటి ముక్కను వేలితో కదుపుతూ, ఒకరినొకరు చూసుకుంటూ భోంచేశారు. ఏ ఉక్కు మేలో మాత్రం తేలలేదు. తేలేదాకా ప్రతి వైశాఖంలోనూ ఈ పరీక్ష ఇదే వాకిట్లో జరగాలని అచ్చమ్మగారి ఆజ్ఞ. లక్ష్ముణ్ణి మాన్పించారు.

అయ్యా, చదివేవారూ, మీలో ఎవరికైనా ఏ ఉక్కు మేలో నిజంగా తెలిసి ఉంటే వచ్చే వైశాఖం లోగా చెప్పండి. పరీక్షించి చెబుతామని మాత్రం బడా బజారు ఛాయలకు రాకండి.