ఒక్కొక్కరినే పిలుస్త

ఆ కబురు వచ్చినప్పుడు నిఖిల పెనం మీద అట్టు తిరగేస్తోంది. మహిధర్ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"తాండూరు మార్కెట్ యార్డుల మైకుల పని నాకే ఇచ్చిండ్రు. ఇయ్యాల తొమ్మిదింటికి పరీక్ష. సెక్రటరీ సారుకు నచ్చితే నౌకరి గీడనే."

నచ్చకపోతే మళ్లీ బొంబాయి కంపెనీకే పోవాలి. పెళ్లై ఇరవై రోజులే. సంతోషంలో అట్టు మాడింది. మాడిన అంచు కూడా నిఖిలకు ముద్దుగానే కనిపించింది.

తూకానికి కందులు తెచ్చే రైతుల కోసం మైకులో వినిపించే ఒక మాట రికార్డు చేయాలి. అత్తమ్మ నిద్ర చెడుతుందని నిఖిల ఫోను పెదాల దగ్గర పెట్టుకుని, ఊపిరి వదిలినంత మెల్లగా చెప్పింది. "తొందరవడకుండ్రి. ఒక్కొక్కరినే పిలుస్త. అందరి వంతు వస్తది."

ఇద్దరూ వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగేసరికి మంచు దట్టంగా ఉంది. యార్డులో నాపరాళ్ల అరుగులు ఎవరినో పడుకోబెట్టడానికి కడిగి ఉంచినట్టున్నాయి. వాచ్‌మన్ బీరన్న దగ్గు మాత్రం ఎక్కడి నుంచో వినిపిస్తోంది.

మహిధర్ సంచిలోంచి సెన్సరు తీశాడు. చుట్టూ చప్పుడు పెరిగితే అది మైకు గొంతు పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. మైకుకు దూరంగా, జనం నిలబడే చోట కట్టాలి.

"పాపం, గదొక్కటే ఆ మూలకా?" అంది నిఖిల. "మైకు పక్కనే కట్టుండ్రి. జంట మంచిగుంటది."

ఇరవై రోజుల మొగుడు కాదనలేదు. మైకు పక్కనే కట్టి, మాట నిమిషానికోసారి పలికేలా పెట్టి, పెళ్లాంతో గేటు బయట టీ తాగడానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి రైతులు బస్తాల మధ్య బిగుసుకుని ఉన్నారు. మంచులో మైకు కనబడదు. గాలిలో ఆడగొంతు గుసగుసలాడింది. "ఒక్కొక్కరినే పిలుస్త."

"ఎవలను?" అన్నాడు బస్తా చాటున ఉన్న రైతు ఎంకయ్య.

"అందరి వంతు వస్తది," అంది గొంతు.

సెన్సరు మైకునే వింటోంది. మైకు గొంతు పెంచుతోంది. దయ్యం పారిపోవాలని బీరన్న పళ్లెం మోగించాడు. గొంతు లేచింది. పదిమంది పళ్లాలు అందుకున్నారు. రేకుల కప్పు వణికింది.

"జవాబిస్తున్నదిరా," అన్నాడు బీరన్న.

మహిధర్ నిచ్చెనెక్కబోతే ఇద్దరు కాళ్లు పట్టుకున్నారు. "పోకు బిడ్డా, మొదటి వంతు నీదే అయితది."

బస్తా పక్కన వణుకుతున్న ముసలి రైతు హన్మమ్మను చూసి నిఖిలకు జాలేసింది. చెవిలో మెల్లగా అంది. "తొందరవడకు అవ్వా, ఏంగాదు."

హన్మమ్మ ఆమె నోటి వంక చూసింది. కొత్త పసుపుతాడు వంక చూసింది. "గదే గొంతు," అంది.

పళ్లాలు ఆగిపోయాయి. నిఖిల ముందు నిలబడటానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఒకరి వెనక ఒకరు దాక్కోగా దాక్కోగా గేటు దాకా తాడు పట్టినట్టు వరుస తయారైంది. కాళ్లు విడిపించుకున్న మహిధర్ పైకెక్కి వైరు పీకేశాడు. గొంతు ఆగింది.

సరిగ్గా అప్పుడే సెక్రటరీ సుధాకర్ స్కూటర్ దిగాడు. నిఖిల కళ్లలో బొంబాయి రైలు కదిలింది.

"సార్, తప్పు నాది. సెన్సరు జాగ..." అనబోయింది.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. వరుసను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. అందరి బెదురు చూపులూ నిఖిల మీదే ఉన్నాయి.

"ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. గీ యార్డుల లైను ఇదే మొదలు. నౌకరి పక్కా, మహిధర్. రేపు పొద్దుగాల పరిగి యార్డుకు పోదాం. సామాను లేకున్నా నడుస్తది, మీ ఆమెను మాత్రం తోల్కరా."